బుల్‌పెన్ కంచె పక్కన

మా అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే చాలాకాలం సూటిగా చెప్పలేకపోయాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నిండా తెలుగువాళ్ళమే. ఎవరి అమ్మాయి మెడిసిన్ ఎక్కడ చదువుతోంది, ఎవరి అబ్బాయికి ఏ కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది, అన్నీ అందరికీ కంఠతా వచ్చు. "మావాడు బేస్‌బాల్ ఆడతాడండీ" అంటే "అది సరే వదినగారూ, జాబ్ ఏంటి?" అనేవాళ్ళు. "అదే జాబ్" అంటే ఒక క్షణం నన్ను జాలిగా చూసి, "పోన్లెండి, ఇంకా చిన్నవాడేగా, సెటిలవుతాడు" అని నన్నే ఓదార్చేవాళ్ళు. అప్పటికి వాడికి పాతికేళ్ళు దాటాయి, నా నెత్తి సగం నెరిసింది. ఆ ఓదార్పులకి ఒళ్ళు మండినా, చేతిలో సమోసా ప్లేటు పెట్టినావిడతో పోట్లాడలేం కదా.

వాడు ఆడేది మైనర్ లీగ్‌లో. టీవీలో కనిపించే పెద్ద జట్లకి కింద, ఊరికొకటిగా, మెట్లు మెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. కింది మెట్టు నుంచి పైమెట్టుకి ఎక్కుతూ పోవాలి. చాలామంది పై మెట్టు చూడకుండానే ఇంటిదారి పడతారు. అందులోనూ మావాడు రిలీఫ్ పిచ్చర్. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. ఆట మొదలుపెట్టే పిచ్చర్‌కి మర్యాద ఎక్కువ. ఫలానా రోజు వేస్తాడని ముందే తెలుస్తుంది కాబట్టి అమ్మానాన్నలు ఆఫీసులో సెలవు పెట్టుకుని వెళ్ళి చూడొచ్చు. అతను అలిసిపోయినా, చితక్కొట్టించుకున్నా మధ్యలో పరిగెత్తుకొచ్చేవాడు రిలీఫ్ పిచ్చర్. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాక గుడ్డ పట్టుకుని పరిగెత్తే మనిషి అన్నమాట. పొంగించింది ఎవరైనా, తుడవలేకపోతే తిట్లు మాత్రం వీడికే.

మైదానం పక్కన కంచె వేసిన ఒక చోటుంటుంది, బుల్‌పెన్ అంటారు. రిలీఫ్ పిచ్చర్లందరూ అక్కడ బెంచీ మీద కూర్చుని ఫోన్ మోగడం కోసం ఎదురుచూస్తారు. మోగితే లేచి, చెయ్యి వేడెక్కేదాకా బంతులు విసురుతారు. అంతా విసిరాక ఒక్కోసారి "అక్కర్లేదు, కూర్చో" అంటారు. ఆ విసిరిన బంతులు ఏ లెక్కలోకీ రావు, చెయ్యి మాత్రం అరుగుతుంది. మేం ఎన్నోసార్లు గంటల తరబడి డ్రైవ్ చేసుకుని వెళ్ళి, వాడు బెంచీ మీద కూర్చోవడం చూసి, చెయ్యి ఊపి తిరిగొచ్చేశాం. మావారు స్టీరింగ్ పట్టుకుని నోరు మెదపకుండా నడిపేవారు. నేను దారి పొడవునా కోచ్‌ని తిట్టేదాన్ని.

ఇదంతా ఆట గురించే అయితే నాకింత బెంగ ఉండేది కాదు. ఓడిపోతే ఓడిపోతాడు, ఇంటికొస్తాడు, ఇంకో పని చూసుకుంటాడు అనుకునేదాన్ని. కానీ వాడు ఈ దేశంలో ఉండటానికి ఆధారం ఆ బంతే. నాలుగేళ్ళ పిల్లాడిగా వాణ్ణి చంకనేసుకుని వచ్చాం. మావారిది హెచ్‌వన్, మా ఇద్దరివీ ఆయన మీద ఆధారపడ్డ వీసాలు. గ్రీన్ కార్డ్ లైన్‌లో నిలబడ్డాం, ఇవాళ్టికీ నిలబడే ఉన్నాం. లైన్ కదలకుండానే వాడికి ఇరవై ఒకటి నిండింది. ఆ రోజు నుంచి వాడు మా లెక్కలో లేడు. దీన్ని ఏజ్ అవుట్ అంటారు. పాలప్యాకెట్టుకి గడువు తీరినట్టు కన్నకొడుక్కి గడువు తీరిందని లాయర్ ఫోన్‌లో ఎంత మామూలుగా చెప్పాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు కాలేజీలో ఉన్నాడు కాబట్టి స్టూడెంట్ వీసాకి మార్పించాం. కాలేజీ జట్టులో బాగా వేస్తున్నాడని ఒక క్లబ్ వాళ్ళు సంతకం చేయించుకుని, ఆటగాళ్ళకిచ్చే వీసా ఇప్పించారు. క్లబ్ ఉంచుకున్నంత కాలం ఆ వీసా ఉంటుంది. క్లబ్ వద్దంటే వీసా కూడా పోతుంది, మూటాముల్లె సర్దుకోవాలి. మళ్ళీ చదువుకుంటానన్నా ముందు దేశం దాటి వెళ్ళి, అక్కణ్ణుంచి కొత్త వీసా తెచ్చుకుని రావాలన్నాడు లాయర్. అది వస్తుందో లేదో చెప్పలేనన్నాడు. ఇండియా వెళ్తే తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోతామేమోనని వాడు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పటి నుంచీ మేం అసలు వెళ్ళనేలేదు. ఆ దేశం వాడికి మా మాటల్లో విన్నదే. అలాంటి దేశానికి నా పిల్లాణ్ణి పంపేయడమా, ఉంచడమా అన్నది, మూడు నాలుగు రోజులకోసారి ఎవరో పొంగించిన పాలని వాడు తుడవగలిగాడా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉండేది. అందుకే వాడు మౌండ్, అంటే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ, ఎక్కితే నేను సీట్లో కూర్చోలేక లేచి నిలబడేదాన్ని.

వాడికి ఈ ఆట అంటించింది ఎవరని మావారు నన్ను ఎత్తిపొడిచేవారు. నిజమే, నేనే. అప్పట్లో నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఎమ్మెస్సీ చదివి, పొద్దస్తమానం అపార్ట్‌మెంట్‌లో కూర్చుని, పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని ఆలోచించడమే నా పని. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు లిటిల్ లీగ్ కోచ్, "ఇంట్లో ఎవరైనా వీడి బంతులు పట్టుకుంటే బాగుపడతాడు" అన్నాడు. ఇంట్లో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. పెయింట్ బకెట్ బోర్లించుకుని కూర్చుని, క్యాచర్ గ్లవ్ తొడుక్కున్నాను. క్యాచర్ అంటే వికెట్‌కీపర్ అనుకోండి. గాజులు తీసి కిటికీలో పెట్టి, మంగళసూత్రం కుర్తా లోపలికి దోపుకుని కూర్చునేదాన్ని. బాల్కనీల్లోంచి అందరూ వింతగా చూసేవాళ్ళు. ఒక పెద్దావిడ, కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చినావిడ, "ఏమ్మా, మీ ఇంట్లో మగాళ్ళు లేరా?" అని అడిగేసింది. "ఉన్నారండీ, ఆయన పట్టుకోలేరు, భయం" అన్నాను. అబద్ధం కాదు, ఒకసారి బంతి మోకాలికి తగిలాక మావారు ఆ వైపుకే రాలేదు.

ఏళ్ళ తరబడి పట్టాను. బొటనవేలు బెణికింది, అరచెయ్యి వాచింది, మూతి పగిలితే మాస్క్ కొనుక్కున్నాను. క్రమంగా నాకు బంతి గురించి తెలియడం మొదలైంది. చూపుడువేలి మొదట్లో తగిలితే అది మంచి బంతి. "ఠప్" మని పొడిగా మోగితే మంచిది, "డబ్" మని మెత్తగా మోగితే కాదు. మావాడి బంతి మెల్లగా వేసినా చివర్లో చటుక్కున తిరిగి చిన్న కాటు వేసేది. అది వాడి సొత్తు, ఎవరూ నేర్పలేదు. హైస్కూల్లో వాడి వేగం నా శక్తికి మించిపోయింది. అప్పుడు మానేశాను. కానీ ప్రొఫెషనల్ అయ్యాక కూడా ప్రతి చలికాలం ఇంటికొచ్చినప్పుడు, అసలు ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు నాకే మెల్లగా విసిరేవాడు. "అమ్మా, బకెట్ రెడీయా?" అని అడిగేవాడు. అప్పటికి నాకు వర్క్ పర్మిట్ వచ్చి ఒక ఫార్మసీలో టెక్నీషియన్‌గా చేరాను. మందుల సీసాలు సర్దే చేతులతోనే సాయంత్రం గ్లవ్ తొడుక్కునేదాన్ని. ఈ వయసులో నాకు దొరికిన సరదా అదొక్కటే.

ఆఖరి చలికాలం వాడు వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. గుత్తివంకాయ కూర చేశాను. ఎప్పుడూ చేత్తో కలుపుకుని, వేళ్ళు నాక్కుని తినేవాడు స్పూన్ అడిగాడు. "ఏంట్రా, మాలా చేత్తో తినడం నామోషీనా?" అని ఆటపట్టించాను. నవ్వాడు కానీ స్పూన్ వదల్లేదు. మధ్యమధ్య కుడిచేతి చివరి రెండు వేళ్ళు విదిలించుకుంటున్నాడు.

మర్నాడు బకెట్ మీద కూర్చున్నాను. మొదటి బంతి గ్లవ్‌లో పడగానే తేడా తెలిసిపోయింది. వేగం తగ్గినా ఫరవాలేదు, మెల్లగానే వేస్తాడు కదా. కాటు లేదు. బంతి ఊరికే వచ్చి పడింది, సోఫా మీద రిమోట్ విసిరినట్టు. ఇంకోటి వేయమన్నాను. ఇంకోటి. ఇంకోటి. కొన్ని నేను గ్లవ్ పెట్టిన చోటికి రాకుండా కిందికి దిగిపోయాయి. నేను మాస్క్ తీయలేదు, తీస్తే నా ముఖం వాడికి కనిపిస్తుంది.

"చలిగా ఉంది అమ్మా, అందుకే" అన్నాడు, నేనేమీ అడగకుండానే.

"మోచెయ్యి నొప్పా?"

"కొంచెం టైట్. ఇట్స్ నథింగ్. నువ్వు వర్రీ చెయ్యకు."

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

వాడు బంతిని గ్లవ్‌లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "సమ్‌టైమ్స్" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఊరుకోలేకపోయాను. వాడి రూమ్మేట్ సంగతి వాడే నాకు చెప్పాడు. డొమినికన్ కుర్రాడు, వాడిలాగే వీసా మీద ఆడేవాడు, భుజం నొప్పని, జట్టులో దెబ్బలు చూసే ట్రైనర్‌కి చెప్పాడు. క్లబ్ వాళ్ళు అతన్ని గాయపడ్డవాళ్ళ లిస్టులో పెట్టి, ఆపరేషన్ చేయించి, ఏడాది పాటు ఉంచుకుని మళ్ళీ నిలబెట్టారు. గాయంతో ఉన్నవాణ్ణి ఊరికే పంపించేయడం క్లబ్‌కి అంత తేలిక కాదు, వీసా అలాగే ఉంటుంది. ఇవన్నీ వాడి నోటి నుంచే విన్నవి.

"అలాంటప్పుడు నువ్వు కూడా చెప్పేయొచ్చు కదరా? వెళ్ళగానే చెప్పు. ఆపరేషన్ అంటే ఆపరేషన్."

"అతను బిగ్ ప్రాస్పెక్ట్ అమ్మా, పై లీగ్‌కి వెళ్తాడని అందరి హోప్. అతన్ని కీప్ చేస్తారు. నన్నెందుకు కీప్ చేస్తారు? చెయ్యి బాలేదని ఒక్కసారి తెలిస్తే నన్ను ఎవరూ ట్రస్ట్ చెయ్యరు. రిలీవర్ అంటే రోజూ రెడీ ఉండాలి. కోచ్ రోజూ అడుగుతాడు, హౌ ఈజ్ ద ఆర్మ్ అని. గుడ్ అనాలి. అంతే."

మావారు తలెత్తకుండా పెరుగన్నం కలుపుకుంటూ, "వాడు చెప్పేది కరెక్టే. ముందే మనం చెప్పుకుంటే వాళ్ళకి సాకు దొరుకుతుంది. సైలెంట్‌గా పని చేసుకుపోవాలి" అన్నారు.

"మీకేం తెలుసు బేస్‌బాల్ గురించి?"

"బేస్‌బాల్ తెలియదు. ఎంప్లాయర్ గురించి తెలుసు."

నేను మళ్ళీ మొదలుపెట్టబోతుంటే వాడు నా వైపు తిరిగాడు. "అమ్మా, నాన్నకి కిడ్నీ స్టోన్ వచ్చినప్పుడు ఎమర్జెన్సీ రూమ్‌లో బెడ్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కాల్ తీసుకున్నాడు. గుర్తుందా? నేను పక్కనే ఉన్నా. మ్యూట్ చేసి వామిట్ చేసుకున్నాడు. మళ్ళీ అన్‌మ్యూట్ చేసి యస్, ఐ యామ్ హియర్ అన్నాడు. మేనేజర్‌కి చెప్పాడా?"

వాడికి ఎవరమూ కూర్చోబెట్టి ఇది నేర్పలేదు. మా ఇంట్లో పెరిగాడు, అంతే. జ్వరమొస్తే మాత్ర మింగి లాగిన్ అవడం, లేఆఫ్‌లు జరుగుతున్నాయంటే సెలవులు రద్దు చేసుకోవడం, మేనేజర్ "ఎలా ఉన్నావు" అంటే "గ్రేట్" అనడం. ఇవన్నీ మా ఇళ్ళల్లో ఇంటిపేరు లాంటివి. ఈ దేశంలో ఇన్నేళ్ళు మమ్మల్ని నిలబెట్టింది ఆ నోరు మూసుకోవడమేనని మావారి నమ్మకం. ఆ నమ్మకం నాకు మాత్రం లేదనా?

ఏప్రిల్‌లో సీజన్ మొదలైంది. వాడు వెళ్ళిపోయాడు. నేను ఫార్మసీలో బ్రేక్‌రూమ్‌లో ఫోన్ నీళ్ళసీసాకి ఆనించుకుని ఆటలు చూసేదాన్ని. కెమెరా బుల్‌పెన్‌ని చూపించదు. వాడు ఎన్నిసార్లు లేచి విసిరి కూర్చున్నాడో తెలియదు. మౌండ్ మీదికి వస్తే మాత్రం నా కళ్ళు బంతి మీద కాదు, ఆ చివరి రెండు వేళ్ళ మీద ఉండేవి. విదిలించాడా, లేదా. పక్కన కూర్చుని సలాడ్ తినే అమ్మాయి "గెలుస్తున్నారా?" అని అడిగితే ఏ జట్టు ముందుందో నాకే తెలిసేది కాదు.

మే నెల చివర ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట ఉంటే ఒక్కదాన్నే కారేసుకుని బయల్దేరాను. మావారు ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నారు. బుల్‌పెన్ కోచ్‌తో నేనే చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. కొడుకు చెప్పకపోతే తల్లి చెబుతుంది, అందులో తప్పేముంది? దారంతా ఇంగ్లీషులో ఆ మాటలు వల్లెవేసుకుంటూ పోయాను. అలవాటు కొద్దీ పెద్ద ఫాయిల్ ట్రే నిండా పులిహోర కూడా చేసుకుని వెళ్ళాను. ఆ కుర్రాళ్ళకి అదంటే పిచ్చి.

చిన్న స్టేడియం అది. బుల్‌పెన్ కంచె పక్కకి ఎవరైనా వెళ్ళి నిలబడొచ్చు. కోచ్ నా వయసు వాడే, ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉంటాడు. నన్ను చూసి నవ్వి, కంచె మీంచి ట్రే అందుకున్నాడు. మావాడు కొంచెం దూరంలో నడుము వంచి కండరాలు సాగదీసుకుంటున్నాడు. నన్ను చూడగానే వాడికి అర్థమైపోయింది.

"మీతో ఒక విషయం మాట్లాడాలి, మా అబ్బాయి గురించి" అన్నాను కోచ్‌తో.

"చెప్పండి, మామ్" అన్నాడు. ఆ జట్టులో అందరి అమ్మల్నీ అలాగే పిలుస్తాడు.

వెనక నుంచి మావాడు తెలుగులో అన్నాడు. "అమ్మా, వద్దు. ప్లీజ్. వద్దు." జట్టువాళ్ళ ముందు వాడు తెలుగు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వాడి గొంతు చిన్నప్పుడు ఇంజెక్షన్ సూది చూసినప్పటి గొంతులా ఉంది. నేను కోచ్‌ని వదిలి వాడి వైపు చూశాను. అంతలో గోడకున్న ఫోన్ మోగింది. కోచ్ వెళ్ళి ఎత్తి, రెండు ముక్కలు విని, మావాడి వైపు వేలు చూపించాడు.

వాడు విసరడం మొదలుపెట్టాడు. నేను కంచె పట్టుకుని క్యాచర్ వెనకే నిలబడ్డాను. ఎవరి గ్లవ్‌లో పడితే ఏం, ఆ చప్పుడు నాదే. డబ్. డబ్. మెత్తగా, చచ్చుగా. క్యాచర్ కుర్రాడు ఏమీ అనుకోకుండా బంతి వెనక్కి విసురుతున్నాడు. ఇంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడికీ చెవుల్లేవా అని అరవాలనిపించింది. తరువాత ఒకటి ఠప్‌మంది. ఆ ఒక్కదానికే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో మైదానంలోంచి చేత్తో సైగ చేసి పిలిచారు. వాడు కంచె తలుపు తోసుకుని పరిగెత్తాడు.

పరుగు మధ్యలో ఆగే బేస్‌లన్నింటి మీదా అవతలి జట్టువాళ్ళు నిలబడి ఉన్నారు, ముందు పిచ్చర్ నిలబెట్టి వెళ్ళినవాళ్ళు. ఇంకా ఇద్దర్ని అవుట్ చేయాలి. ఒక్క మంచి దెబ్బ పడిందంటే ఆట పోతుంది. వాడు మొదట వేసినవి రెండూ పక్కకి పోయాయి. వేళ్ళు విదిలించాడు. నాకు తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మూడోది బ్యాట్ కింది అంచుకి తగిలి నేలమీద దొర్లింది. మధ్యలో ఉన్న కుర్రాడు అందుకుని ఇటు విసిరాడు, అటు విసిరారు, ఒక్క బంతికే ఇద్దరూ అవుట్. ఇన్నింగ్స్ అయిపోయింది.

నేనెంత గట్టిగా కేకవేశానంటే ముందు వరసలో బీరు తాగుతున్న ముసలాయన ఉలిక్కిపడి నా వైపు తిరిగి, తరువాత తనూ చప్పట్లు కొట్టాడు. మావాడు తల వంచుకుని నడిచొస్తుంటే అందరూ వీపు తడుతున్నారు. నా పిల్లాడికి ఏమీ కాలేదు, ఆ చలికాలం సంగతంతా నా పిచ్చి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అలా అనుకోవాలని ఎంత ఆశగా ఉందో!

కోచ్ పులిహోర నోట్లో పెట్టుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు. "ఏదో చెప్పబోయారు, మామ్?"

మావాడు తువాలు మెడలో వేసుకుని బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"ఆ అన్నంలో పల్లీలున్నాయి. ఎవరికైనా ఎలర్జీ ఉంటే తినొద్దని చెబుదామని" అన్నాను.

"థాంక్యూ, మామ్. మంచిపని చేశారు" అన్నాడు ఆయన.

తిరిగొచ్చే దారిలో టర్న్‌పైక్ మీద ఒక రెస్ట్ ఏరియాలో కారాపుకుని కాఫీ తాగాను. మావారికి ఫోన్ చేసి ఆ ఇన్నింగ్స్ అంతా వర్ణించి చెప్పాను. ఆయన అంత గట్టిగా నవ్వడం విని ఎన్నాళ్ళయిందో. కోచ్‌తో ఏమన్నానని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూన్‌లో అంతా కూలిపోయింది. వచ్చినప్పుడల్లా బంతులు బయటికి పోయేవి, పోనివి బ్యాట్ దెబ్బకి మైదానం కంచె దాటేవి. వరసగా కొన్ని ఆటల్లో ముందువాళ్ళు వదిలిన పాలే కాక వాడు కూడా పొంగించాడు. ఫోన్‌లో ఎప్పుడడిగినా "ఐ యామ్ గుడ్ అమ్మా" అనేవాడు. ఒకరోజు వాడు మౌండ్ మీద బంతి పట్టుకోబోయి జారవిడిచాడు. దానంతటది చేతిలోంచి కింద పడింది. వంగి తీసుకుని, ప్యాంటుకి తుడుచుకుని, ఏమీ జరగనట్టు నిలబడ్డాడు. నేను బ్రేక్‌రూమ్‌లో ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ సాయంత్రం వాడికి ఫోన్ చేసి బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "ఇప్పుడు చెప్తే ఎక్స్‌క్యూజ్ అనుకుంటారు అమ్మా. ఒక్క గుడ్ ఔటింగ్ రానీ, అప్పుడు చెప్తా" అన్నాడు. మంచిగా వేసిన రోజు ఎవరైనా నొప్పని చెబుతారా?

కొన్నాళ్ళకి నేను కౌంటర్ దగ్గర ఒక పెద్దాయనకి బీపీ మాత్రలు ఇస్తున్నప్పుడు జేబులో ఫోన్ వణికింది. పట్టపగలు వాడు ఎప్పుడూ ఫోన్ చేయడు. ఆ వేళకి గ్రౌండ్‌లో ఉండాలి. పెద్దాయనకి సారీ చెప్పి వెనక స్టోర్‌రూమ్‌లోకి పరిగెత్తాను.

"అమ్మా, క్లబ్ నుంచి రిలీజ్ చేశారు. తీసేశారు."

మందుల అట్టపెట్టె మీద కూర్చుండిపోయాను. "ఏమన్నారు?"

"మేనేజర్ రూమ్‌కి పిలిచారు. నైస్‌గానే మాట్లాడారు. థాంక్స్ చెప్పారు. ట్రైనర్ కూడా ఉన్నాడు."

"ట్రైనరా? నీ చెయ్యి చూశాడా? నొప్పి ఉందా అని అడిగారా?"

"అడిగారు. వెళ్ళేముందు అందర్నీ అడుగుతారు. ఎనీథింగ్ హర్టింగ్ అని."

"ఏమన్నావు?"

వెనకాల ఎవరో లాకర్ తలుపు మూసిన చప్పుడు వచ్చింది.

"గుడ్ అన్నాను."

"ఒరేయ్! అప్పుడు కూడానా? పంపించేస్తున్నామని చెప్పాక కూడా గుడ్ అన్నావా? ఎందుకురా?"

"తెలియదు అమ్మా. వచ్చేసింది. అలవాటు."

"ఇప్పుడే వెనక్కి వెళ్ళు. వెళ్ళి చెప్పు. నేను మాట్లాడతాను, ఫోన్ ఆయనకివ్వు."

"అయిపోయింది అమ్మా" అన్నాడు. అరవలేదు, విసుక్కోలేదు. అంత నెమ్మదిగా అనేసరికి నాకు దుఃఖం ఆగలేదు. చేత్తో నోరు మూసుకుని ఏడ్చాను. వాడు నేను ఆపేదాకా ఆగాడు.

"అమ్మా, ఒకటి అడగాలి. క్విక్‌గా చెప్పు. ఇక్కడ ట్రావెల్ చూసే అమ్మాయి వెయిట్ చేస్తోంది. సీజన్ మధ్యలో పంపిస్తే హోమ్ కంట్రీకి టికెట్ వాళ్ళే కొనాలంట. రూల్ అంట. మనది ఏ ఎయిర్‌పోర్ట్ అని అడుగుతోంది."

"మనది..." అన్నాను. మా ఇంటి దగ్గరున్న నెవార్క్ అనబోయాను.

"హైదరాబాదా, విజయవాడా? ఏది చెప్పాలి?"

"హైదరాబాద్ అని చెప్పు నాన్నా."

వాడు ఆ అమ్మాయికి చెప్పడం వినిపించింది. "థాంక్యూ" అనడం కూడా వినిపించింది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

"అక్కడ నన్ను పికప్ చేసుకోడానికి ఎవరుంటారు?"

"మీ మావయ్య వస్తాడు. మా తమ్ముడు. ఎయిర్‌పోర్ట్ బయట నిలబడతాడు."

"నేను గుర్తుపట్టలేనేమో అమ్మా."

"ఫోటో పంపిస్తాను" అన్నాను.